డిప్ప మీద పెట్టిన స్టెత్

పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి అవ్వ చనిపోయినట్టు కాగితం మీద సంతకం పడింది. రెండున్నరకి ముంగి పశువుల ఆసుపత్రి వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. నాలుగింటికి శవాన్ని కాల్చడానికి బండి వస్తుంది. ఆ బండి వెనకే జీపులో మత్తమ్మని తీసుకుపోతారు. చేతిలో ఉన్నది గంటన్నర.

అవ్వ అంటే మనిషి కాదు. నలభై కేజీల నేల తాబేలు. వయసు ఎనభై పైమాటే. దొంగచాటుగా దాటిస్తుంటే పట్టుకుని, కేసు తేలేదాకా ఈ ఆసుపత్రిలో ఉంచారు. గుమ్మానికి రేయింబవళ్ళు కాపలా పెట్టారు. అలాంటి తాబేళ్ళు భూమ్మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవట. ప్రాణంతో ఉంటే కొనడానికి కోటీశ్వరులు క్యూ కడతారు. చచ్చాక గవ్వకి కొరగాదు.

మత్తమ్మ అంటే మనిషే. జంతువులకి మత్తిచ్చి, కోత పూర్తయ్యేదాకా తల దగ్గర కూర్చుని గుండె, ఊపిరి, ఒంటి వేడి అయిదు నిమిషాలకోసారి రాసే మనిషి. కుక్క నుంచి కొండచిలువ దాకా పద్నాలుగేళ్ళుగా అదే పని. ముంగి భార్యకి చెల్లెలి కూతురు. మధ్యాహ్నం ఫోన్ చేసి ఒకటే మాట అంది. "పెదనాన్నా, నేను చంపేశాను." ముంగి చొక్కా మార్చుకోకుండా బయల్దేరాడు.

పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తోటివాళ్ళు పెట్టిన పేరు ముంగి. రిటైరయ్యాక సొంతంగా ఆరాలు తీసి పెట్టే పని మొదలుపెట్టినా పేరు వదల్లేదు, నోరూ పెరగలేదు.

వరండాలో ఇన్‌స్పెక్టరు ఎదురొచ్చాడు. ఒకప్పుడు ముంగి కింద మూడేళ్ళు పని నేర్చుకున్నవాడే.

"రండి గురువుగారూ. మిమ్మల్నెవరు పిలిచారు?"

"పిల్ల."

"పిల్ల కాదు, ముద్దాయి."

"ఇంకా కాలేదుగా."

"నాలుగింటికి అవుతుంది. మీరు కుర్చీ వేసుకుని చూడొచ్చు." ఇన్‌స్పెక్టరు జేబులోంచి మత్తుమందు సీసా ఉన్న కవరు తీసి వెలుగులోకి పట్టాడు. "ఆవిడ చార్టులో రాసింది రెండు మిల్లీలు. ఈ సీసాలో తగ్గింది అయిదు. మిగతా మూడు తాబేలుకే పొడిచిందో, బయట అమ్ముకుందో. రెండిట్లో ఏదైనా నాకు చాలు."

"బీరువా తాళాలెన్ని?"

"రెండు. ఒకటి ఆవిడ మెళ్ళో ఉంది. ఇంకోటి పెద్ద డాక్టరు దగ్గర."

"ఆయన్ని అడిగావా?"

"నలభయ్యేళ్ళ సర్వీసు గురువుగారూ. పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తప్పు తనదని రాసిస్తాను, పిల్లని వదిలెయ్యమని నా చేతులు పట్టుకున్నాడు. అలాంటివాణ్ణి ఏమడగమంటారు?"

అలా చేతులు పట్టుకున్నవాళ్ళని ముంగి తన కాలంలో చాలామందిని చూశాడు.

మత్తమ్మ మందుల గది పక్కన చిన్న గదిలో బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది. పెదనాన్నని చూసి లేవబోయింది. ఆయన కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు.

"తిన్నావా?"

"లేదు."

"మొదట్నుంచి చెప్పు. టైములతో."

టైములు అనేసరికి ఆమె గొంతు కుదుటపడింది. "చెవి పక్కన గడ్డ. కోసి తీసెయ్యాలి, అరగంట పని. తొమ్మిదీ నలభైకి సూది ఇచ్చాను, రెండు మిల్లీలు. పదింటికి మెడ వాలింది. గొంతులో గొట్టం వేసి గాలి సంచి తగిలించాను. మత్తులో ఉంటే ఇవి వాటంతటవి ఊపిరి తీసుకోవు పెదనాన్నా. నిమిషానికి నాలుగుసార్లు మనం సంచి నొక్కాలి. పదీ అయిదుకి గుండె ఇరవై ఎనిమిది. పదీ పదికీ ఇరవై ఎనిమిదే. పావుకి ఇరవయ్యారు."

"గుండె డిప్పలో కదా ఉండేది. ఎలా తెలిసింది?"

ఆమె కోటు జేబులోంచి అరచేతిలో పట్టే మెషిన్ తీసింది. దానికి ఒక తీగ, తీగ చివర బిళ్ళ ఉన్నాయి. "డాప్లరంటారు. ఈ బిళ్ళ మెడకీ భుజానికీ మధ్య సందులో ఆనిస్తే నెత్తురు పారే చప్పుడు వినిపిస్తుంది."

ముంగి చార్టు ముందుకు లాక్కున్నాడు. గుండె, ఊపిరి, వేడి అని మూడు వరసల గళ్ళు. ముత్యాల్లాంటి అక్షరాలు. మూడో వరస పదీ ఇరవై తర్వాత ఖాళీ.

"ఇదేంటి?"

"టెంపరేచర్ వైరు చేతికి అడ్డొస్తోందని డాక్టరుగారు తీయించారు. కింద వేడి పరుపు ఉందిగా, ఫరవాలేదన్నారు."

"పరుపు ముట్టుకున్నావా?"

"ఒక చేతిలో సంచి, ఒక చేతిలో పెన్ను."

"అంటే లేదు."

"లేదు." ఆమె తల దించుకుంది. "తర్వాత గుండె తగ్గుతూ వచ్చింది. ఇరవై రెండు, పద్దెనిమిది, పదిహేను. పదీ యాభైకి పన్నెండు. చెప్పాను. మత్తు బాగా పట్టిందిలే అన్నారు. పదీ యాభై రెండుకి కుట్టు దారం తెమ్మని స్టోరుకి పంపారు. సంచి నేను నొక్కుతాలే అన్నారు. దారం చోటు మార్చేశారు, వెతికి తెచ్చేసరికి పదకొండు. అప్పటికే చప్పుడు లేదు. బిళ్ళ ఆయన చేతిలోనే ఉంది. నేను పెడతానంటే ఇవ్వలేదు, వద్దులే తల్లీ, అయిపోయింది అన్నారు. స్టెత్ పెట్టి చూశారు. కాపలా కానిస్టేబుల్ని పిలిచి ఆయన చెవుల్లో కూడా పెట్టారు. ఏమీ వినపడట్లేదని ఆయనా అన్నాడు."

"స్టెత్ ఎక్కడ పెట్టాడు?"

"డిప్ప మీద." ఆ మాట అన్నాక ఆమె ఒక్క క్షణం ఆగింది. నుదురు ముడిపడి, మళ్ళీ విడిపోయింది.

"ఏంటి?"

"ఏం లేదు. ఆయన చేతులు వణికాయి, అంతే."

ముంగి ఆ ముడిని గుర్తుపెట్టుకున్నాడు. "ఒళ్ళు చల్లబడితే ఏం చేస్తారు?"

"నాలుగు వేడినీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి పెడతాం. పక్కలకి రెండు, మెడకొకటి, తోకకొకటి. ఈ లెక్క డాక్టరుగారిదే. నేను చేరిన కొత్తలో ఒక కొండచిలువ మత్తులో చల్లబడిపోయింది. చంపేశానని ఏడుస్తుంటే, ఆగు తల్లీ, వీటి చావు మన చావులాంటిది కాదు, ఒక రాత్రి గడిస్తే గానీ నమ్మకూడదు అన్నారు. రాత్రంతా సీసాలు మార్చాం. పొద్దున అది నాలిక చాపింది." అది చెబుతున్నప్పుడు మాత్రం ఆమె ముఖంలో కాస్త కళ వచ్చింది.

"మరి ఇవాళ ఎంతసేపు ఆగాడు?"

ఆమె చార్టు కేసి చూసింది. వేలితో కింది గడి దాకా వెళ్ళింది. "పన్నెండు నిమిషాలు."

ముంగి చార్టు మడిచి ఆమె చేతికిచ్చాడు.

"పెద్దవారైపోయారు పెదనాన్నా," అంది మెల్లిగా. "మర్చిపోయి ఉంటారు."

ముంగి లేచాడు. గడియారం మూడుకి అయిదు తక్కువ చూపిస్తోంది.

ఆపరేషన్ గదిలో కాంపౌండరు నేల తుడుస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, ఈ ముసలాయన ఏం పీకుతాడో చూద్దామన్నట్టు. గది మంచుగడ్డలా ఉంది. బల్ల మీద వేడి పరుపు అలాగే పరిచి ఉంది. ముంగి దాని మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత తీగ పట్టుకుని పోయాడు, చీమల బారు వెంట పోయినట్టు. చివర ప్లగ్గు గోడకి లేదు, బల్ల కాలికి చుట్టి ఉంది. గోడ ప్లగ్గులో లైటు తీగ ఉంది.

"ఇదెవరు తీశారు?"

"నేనేనండి," అన్నాడు కాంపౌండరు. "పెద్ద లైటు పెట్టమన్నారు. ప్లగ్గు ఖాళీ లేక..."

ముంగి ఎదుటి గోడకేసి చూశాడు. అక్కడ రెండు ప్లగ్గులు ఖాళీగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కాంపౌండరు కూడా చూశాడు. చీపురు చేతిలో ఆగిపోయింది.

"డాక్టరుగారే ఇందులో పెట్టమన్నారండి. నాకేం తెలుసు."

"ఎప్పుడు?"

"మత్తమ్మగారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు. పదిలోపే."

"ఏసీ?"

"అది కూడా ఆయనే తగ్గించమన్నారు. ఉక్కగా ఉందన్నారు."

ముంగి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "పరుపు పదింటి నుంచి చల్లగానే ఉంది. బండి రేపటిదాకా ఆపు."

"ఒక ప్లగ్గు పట్టుకుని పెద్దమనిషిని లాగుతారా? కుదరదు. రోగం పాకుతుంది, ఇవాళే కాల్చాలని పైనుంచి ఆర్డరు వచ్చింది."

"ఎవరడిగితే వచ్చింది?"

ఇన్‌స్పెక్టరు సీసా కవరు జేబులోకి తోసుకున్నాడు. "డాక్టరుగారే రాశారు."

"చెవి గడ్డ ఎవరికి పాకుతుంది?"

"అవన్నీ డాక్టర్లకి తెలుసు."

"శవాన్ని నువ్వు ముట్టుకున్నావా?"

"చూశాను."

"ముందు ముట్టుకో, తర్వాత చూడు, ఆఖర్న అడుగు. నీకు మొదటి రోజు చెప్పిన పాఠం."

"మీ పాఠాలు మర్చిపోయాకే నాకు ప్రమోషన్ వచ్చింది గురువుగారూ." ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. "ఇంకో గంట కూడా లేదు. ఆవిడకి కాస్త అన్నం పెట్టించండి. మళ్ళీ ఎప్పుడు తింటుందో."

ఆ మాట ఎద్దు పుండు మీద కాకి పొడిచినట్టే ఉంది. ముంగి మింగేశాడు.

మత్తమ్మని పిలుచుకుని వరండాలోకి రాగానే పెద్ద డాక్టరు ఎదురయ్యాడు. నెరిసిన జుట్టు, భుజాలు వంగిన మనిషి. ఏం మాట్లాడకుండా మత్తమ్మ తల మీద చెయ్యి వేశాడు. "ఇంటికి పో తల్లీ. అన్నీ నేను చూసుకుంటాను." ఆమె కళ్ళు మళ్ళీ నిండాయి. ముంగి ఆ చేతికేసి చూశాడు. తల మీద రాయిలా కదలకుండా ఉంది. వణుకు లేదు.

ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, "శవాల గది తాళం నీ దగ్గరుందా?" అని అడిగాడు ముంగి.

శవాల గది ఆసుపత్రి చివర, చెట్టూ చేమా లేని పెరడు వైపు ఉంది. పరుపంత మందం తలుపు. మత్తమ్మ బయట స్విచ్చి నొక్కి లైటు వేసింది, తలుపు లాగి, కాలితో ఒక ఇటుకని సందులోకి తోసింది.

"లోపలి పిడి ఊడిపోయి ఏడాదైంది. ఇటుక జారితే లోపలే ఉండిపోతాం. జాగ్రత్త."

మూడూ పది. లోపల చలి ఎముకల్లోకి దిగింది. ఒక మూల గుడ్డ కప్పిన కుక్కలు రెండు. మధ్యలో చక్రాల బల్ల మీద గోనెపట్టా. మత్తమ్మ పట్టా తీసింది. అవ్వ మెడ బయటికి వాలి ఉంది, ముడతలు పడి, ఎండిన మట్టిబెడ్డలా. ఆమె ఆ మెడ మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"గొట్టం తియ్యలేదేంటి?"

"తియ్యాలా?"

"చనిపోతే ముందు తీసేది అదే. కడిగి దాచుకోవాలి. ఇంత పెద్దది మా దగ్గర ఇదొక్కటే ఉంది."

ముంగి గొంతు తగ్గించాడు. "ఇందాక డిప్ప మీద స్టెత్ అన్నప్పుడు ఆగావు. ఎందుకు?"

ఆమె అవ్వ డిప్ప మీద వేలితో తట్టింది. "డిప్ప మీద స్టెత్ పెట్టడం, గోడ మీద పెట్టడం ఒకటే పెదనాన్నా. బతికున్నదానికి పెట్టినా ఏమీ వినపడదు. ఆ మాట నాకు నేర్పింది ఆయనే."

"మెషిన్ పెట్టు."

బిళ్ళకి జిగట జెల్ రాసి మెడ పక్క సందులో ఇరికించింది. గరగర తప్ప ఏమీ లేదు. కోణం మార్చింది. గరగర. ముంగి రేడియం ముళ్ళ వాచీ ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. పది సెకన్లు. పదిహేను. ఇరవై. ఆమె పెదాలు బిగుసుకున్నాయి. ఇరవై రెండు.

ష్.

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. మళ్ళీ గరగర. మళ్ళీ ఇరవై రెండు సెకన్లకి, ఎక్కడో నూతి అడుగున ఎవరో చీర కుచ్చిళ్ళు దులిపినట్టు, ష్.

"ఉంది," అన్నాడు ముంగి.

"ఆగండి. గుండె ఆడినంత మాత్రాన ప్రాణం ఉందనుకోకూడదు. వీటికి మెదడు పోయినా గుండె గంటలకొద్దీ ఆడుతుంది." గుడ్డ కొస మెలిపెట్టి అవ్వ కంటి అంచున తాకించింది. ఏమీ లేదు. మళ్ళీ తాకించింది. రెప్ప బద్ధకంగా కదిలి, సగం దాకా మూసుకుంది.

మత్తమ్మ పట్టా కిందే పడి ఉన్న గాలి సంచి అందుకుని గొట్టానికి తగిలించి నొక్కింది. నవ్వూ ఏడుపూ కలిసిపోయిన గొంతుతో, "నేను చంపలేదు పెదనాన్నా," అంది. "డాక్టరుగారికి చెప్పాలి. ఎంత సంతోషిస్తారో."

ముంగి ఆమె ముఖం చూడలేక అవ్వని చూశాడు. "కాపలా దాటించి దీన్ని బయటికి తీసుకెళ్ళాలంటే రెండే దార్లు. గోడ పగలగొట్టాలి. లేదా ఇది చచ్చిపోవాలి. చచ్చినదానికి కాపలా ఉండదు."

"అంటే?"

"పరుపు తీసేశారు. గది చల్లబరిచారు. వేడి కొలిచే వైరు తీయించారు. నిన్ను స్టోరుకి పంపి ఇంకో మూడు మిల్లీలు పొడిచారు. కాగితం మీద చంపి, కాల్చడానికని తెప్పించిన బండిలో బతికించి అమ్ముకుందామని."

"ఎవరు?"

ముంగి చెప్పే పని లేకపోయింది. పెరట్లో చెప్పుల చప్పుడైంది, తలుపు ఇంకాస్త తెరుచుకుంది. పెద్ద డాక్టరు గడప మీద నిలబడ్డాడు. రెండు చేతులా తువ్వాలు పొదువుకుని ఉన్నాడు. తువ్వాల్లోంచి ఆవిరి లేస్తోంది.

మత్తమ్మ చూపు తువ్వాలు మీద పడింది. లోపలినుంచి మూతలు కనిపిస్తున్నాయి. ఆమె పెదాలు కదిలాయి. పద్నాలుగేళ్ళ అలవాటు, ఏది కనపడినా లెక్కపెడుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"శవానికి వేడినీళ్ళు ఎందుకండీ?"

ఆయన నోరు తెరిచాడు. ఆ నిశ్శబ్దంలో మెషిన్ ష్ అంది. ముగ్గురూ విన్నారు.

"ఇంటికి పొమ్మన్నాను కదా తల్లీ," అన్నాడు ఆయన. కోపం లేదు ఆ గొంతులో. దిగులు ఉంది, నిజమైన దిగులు. "దీనికేమీ కాకుండా చూసుకున్నాను. ఇది నా కంటే బాగా బతికేది."

"నేను జైలుకి పోయేదాన్ని."

"కొన్నాళ్ళే."

ముంగి అప్పటికే తలుపు వైపు రెండడుగులు వేశాడు. డెబ్బై ఏళ్ళ కాళ్ళు ఎంత పరిగెడతాయి. డాక్టరు తువ్వాలు వదిలేశాడు. సీసాలు నేల మీద పడి దొర్లాయి. ఆయన కాలు ఇటుకని తన్నింది. తలుపు ధన్‌మని మూసుకుంది, గడియ పడింది, లైటు ఆరిపోయింది.

ముంగి తలుపు మీద భుజంతో గుద్దాడు. కొండని గుద్దినట్టుంది. హడావిడిలో ఆయన ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది, మత్తమ్మది ఇన్‌స్పెక్టరు దగ్గరుంది. చెవి ఆనించాడు. అవతల చప్పుడు ఏమీ దాటి రాదు ఆ తలుపులోంచి. నాలుగింటికి ఇన్‌స్పెక్టరు మత్తమ్మ కోసం వెతుకుతాడు. ఇటు వస్తే గడప ముందు మూడు సీసాలు కనిపించాలి, డాక్టరు ఏరుకుపోకపోతే. వంగి ముట్టుకుంటే వెచ్చగా తగలాలి. శవాల గది ముందు ఈ వేడి ఏంటని అనుమానం రావాలి. పాఠం మర్చిపోయాకే ప్రమోషన్ వచ్చిందన్నవాడు వంగుతాడా.

"మూడు సీసాలు," అనుకున్నాడు పైకే.

"ఒకటి లోపలికి దొర్లింది," అంది మత్తమ్మ చీకట్లో. వెతుకుతున్న చప్పుడు. "దొరికింది. ఇంకా వేడిగా ఉంది."

"నీ గుండెలకి ఆనించుకో. చలికి పోతావు."

గుడ్డ చుట్టిన చప్పుడు, సీసాని డిప్ప అంచున సర్దిన చప్పుడు వినిపించాయి. "మెడకి పెట్టాను. నెత్తురు అక్కణ్ణించే మళ్ళుతుంది." తర్వాత గాలి సంచి నొక్కిన చప్పుడు, మెల్లిగా, లెక్క ప్రకారం.

ష్. ఈసారి పంతొమ్మిది సెకన్లకే.

"పెదనాన్నా, టైమెంత?"

"ఎందుకిప్పుడు?"

"రాసుకోవాలి."

ముంగి వాచీ కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. "మూడూ ఇరవై అయిదు."

"గుండె మూడు," అంది. కాగితం మీద పెన్ను గీరుకుంది. "ఊపిరి నాలుగు."

అప్పుడు కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. పెరట్లోకి బరువైన బండి ఏదో వెనక్కి వస్తోంది. నాలుగింటికి రావలసిన బండి, ముప్పై అయిదు నిమిషాల ముందే.